పంచె రెండో కొస

అమ్మా,

ఆశీస్సులు. సొంత ఊళ్ళోనే ఒక హోటల్‌లో గది తీసుకుని గడిపిన రోజు మీద మీరు రాసిన వ్యాసం చేరి మూడు వారాలైంది. మొదటి మూడు పేజీలు చదివి పక్కన పెట్టేశాను. ఇలాంటివి నెలకు పది వస్తాయి, కళ్ళు కూడా ఇదివరకటిలా సహకరించడం లేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ నాలుగో పేజీ తిప్పాను. మీరు అంతగా పట్టించుకోకుండా రాసి వదిలేసిన మూడు వాక్యాలు అక్కడ కనిపించాయి. "కిటికీ తెర తీస్తే వెనక వీధిలో మా డాబా కనిపించింది. మబ్బు పట్టింది. అత్తయ్య వడియాల పంచెను ఒక్కరే లాక్కుంటున్నారు." ఆ వెంటనే, అదే పేరాలో, "సాయంత్రం బఫేలో నోరూరించే వంటకాలెన్నో" అంటూ మొదలుపెట్టారు. నాకు కోపం వచ్చింది. ఆ కోపమే ఈ ఉత్తరం రాయిస్తోంది.

మా అమ్మ ఏటా ఎండాకాలంలో వడియాలు పెట్టేది. సగ్గుబియ్యం జావ కాచి, తడిపి పిండిన పాత పంచె మీద చిన్న గరిటెతో వరసలుగా పోసేది. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టేది. మొదటి రోజు సాయంత్రానికి పైన పొర కట్టినా లోపల తడి అలాగే ఉంటుంది. వాన వచ్చేలా ఉంటే గబగబా మూట కట్టి తెచ్చేద్దామంటే కుదరదు, అన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. పరిచింది పరిచినట్టే చెరో వైపు రెండేసి కొసలు పట్టుకుని, మధ్యలో కుంగకుండా బిగలాగి, అడుగులో అడుగు వేస్తూ లోపలికి తేవాలి. మా ఇంట్లో ఆ రెండో మనిషిని నేను. మనిషి ఒక్కరే అయితే నేల మీద ఈడ్చుకు రావడం తప్ప దారి లేదు. మీ అత్తగారు చేస్తున్నది అదే. పంచె రెండో కొస పట్టవలసిన మనిషి ఏడో అంతస్తులో, తెరవడానికి వీల్లేని అద్దాల కిటికీ వెనక నిలబడి ఉంది. మీరు రాయవలసింది అదమ్మా. మిగతా పదకొండు పేజీలూ ఎవరైనా రాస్తారు.

మీరు వెళ్ళడం తప్పని నేను అనడం లేదు. దయచేసి అలా అర్థం చేసుకోవద్దు. పొద్దున అయిదున్నరకు పొయ్యి వెలిగించే మనిషికి ఇంకొకరు దుప్పటి పరిచిపెట్టిన మంచం ఎంత అవసరమో నాకు తెలుసు. ఎంత బాగా తెలుసో చెబుతాను.

1979లో నేను నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రాత్రి గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. జీతం తక్కువ, కానీ కౌంటర్ దగ్గర దీపం తెల్లవార్లూ వెలిగేది. నాకు కావలసింది ఆ దీపమే. రిజిస్టరులో గళ్ళుండేవి: పేరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తారు, ఏ పని మీద. రాత్రి పదకొండు దాటాక కానిస్టేబుల్ వచ్చి ఆ రిజిస్టరు తిరగేసేవాడు. అక్కడికి ప్రతి నెలా మొదటి శనివారం ఒకాయన వచ్చేవాడు. చేతిలో సంచి కూడా ఉండేది కాదు. పన్నెండు రూపాయల గది తీసుకుని, తొమ్మిదింటికి తలుపు వేసుకుని, పొద్దున ఆరింటికి వెళ్ళిపోయేవాడు. మూడో నెలలో తెలిసింది, ఆయన ఇల్లు లాడ్జి వెనక సందులోనే. ప్రెస్సులో కంపోజిటర్. ఒకే గదిలో ఏడుగురు. రోజంతా నిలబడి అక్షరాలు పేర్చి వస్తే కాళ్ళు చాపుకోవడానికి జాగా లేదు. జీతం వచ్చిన శనివారం ఒక్క రాత్రి కాళ్ళు చాపుకుని నిద్రపోవడానికి వచ్చేవాడు. ఒకసారి మంచినీళ్ళ కూజా పెట్టడానికి వెళ్తే తలుపు గడియ పడలేదు. రెండు చేతులూ మంచానికి చెరో అంచు దాకా చాచి నిద్రపోతున్నాడు. మంచం ఎంత వెడల్పుంటే అంత వెడల్పూ ఆయనే ఉన్నాడు.

ఊళ్ళోవాళ్ళకు గదులివ్వవద్దని యజమాని ఆజ్ఞ. ఇల్లు పక్కన ఉండగా లాడ్జికి వచ్చేవాడి మీద అందరికీ ఒకటే అనుమానం. అందుకని "ఎక్కడి నుంచి" అన్న గడిలో ప్రతిసారీ "కర్నూలు" అని నేనే రాసేవాణ్ణి. "ఏ పని మీద" అన్న గడిలో ఆయన "సొంత పని" అని చెప్పేవాడు. ఆ గడిలో అంత నిజమైన మాట ఎవరూ చెప్పలేదు.

నేను రాసిన మొదటి కథ అదే. ఒక వారపత్రిక వేసుకుంది. సంచిక చేతికి రాగానే బస్టాపులోనే నిలబడి చదివాను. కథలో ఆ మనిషి ఇల్లు లాడ్జి వెనక సందులోంచి కర్నూలుకు వెళ్ళిపోయింది! సంపాదకుడి దగ్గరకు పరుగెత్తాను. "ఇంటి పక్కన లాడ్జిలో ఎవడుంటాడయ్యా, పాఠకులు నమ్మరు, నేనే సరిచేశాను" అన్నాడు. పోలీసు కంటికి కనబడకుండా నేను రిజిస్టరులో రాసిన అబద్ధాన్నే ఆయన తెచ్చి నా కథలో పెట్టాడు. ఊరు మారడంతో ఆ మనిషి మామూలు ప్రయాణికుడైపోయాడు. చాచిన చేతులకు అర్థం లేకుండా పోయింది. నలభై ఏళ్ళు దాటింది, ఆ పత్రికా లేదు, ఆ సంపాదకుడూ లేడు, నా కడుపుమంట మాత్రం చల్లారలేదు. అడ్రసు మార్చవద్దని అప్పటి నుంచి కనబడిన ప్రతి కొత్త రచయితకూ చెబుతున్నాను. మీకూ చెబుతున్నాను.

మీ వ్యాసంలో అడ్రసు ఎవరూ మార్చలేదు, మీరే దాచేశారు. "నగరం నడిబొడ్డున ఒక ప్రశాంత ప్రపంచం" అన్నారు. ఏ వీధి? మీ ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాలని ఆరో పేజీలో ఒక మూల చెప్పారు. సూట్‌కేసుతో క్యాబ్ ఎక్కి నారాయణగూడ చౌరస్తా చుట్టి ఇరవై నిమిషాలకు చేరామని అన్నారు. మొదటి వాక్యం కావలసింది అదీ. పది నిమిషాల నడక దూరానికి సూట్‌కేసు ఎందుకు సర్దుకున్నారు? అందులో ఏం పెట్టుకున్నారు? ఎదురింటి ఆవిడ "ఊరికా?" అని అడిగితే ఏమని చెప్పారు? ఈ ప్రశ్నలు వేసుకుంటే చాలు, పేజీలు వాటంతటవే నిండుతాయి.

ఇప్పుడు ఆదివారం పేజీల్లో యాత్రా రచనల వరద. విమానాశ్రయంలో మొదలై సూర్యాస్తమయంతో ముగుస్తాయి. మధ్యలో "మాటల్లో చెప్పలేని అనుభూతి" ఉంటుంది. మాటల్లో చెప్పలేకపోతే మరి రాయడం ఎందుకు? మీ వ్యాసంలో ఆ మాట రెండుసార్లు వచ్చింది, రెండుచోట్లా కొట్టేశాను. "అధునాతన హంగులు", "ఆహ్లాదకరమైన వాతావరణం", "నోరూరించే వంటకాలు" కూడా కొట్టేశాను. అవి హోటల్ వాళ్ళు అచ్చువేయించే కాగితంలోని మాటలు. దానికి వాళ్ళు ఎవరికో డబ్బిచ్చి రాయించుకుంటారు, మీరు ఊరికే రాసిపెట్టవలసిన అవసరం లేదు.

భోజనం గురించి రాయాలంటే మనవాళ్ళ దగ్గరే నేర్చుకోవచ్చు. మన పాత వీధినాటకం క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి భోజనం మీద ఒక పద్యం ఉంది. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఎవరి ఇంట్లో వడ్డించారో ఉంది, వెల ఒక రూక అనీ ఉంది. ఎంత పంచదారంటే గుప్పెడు! ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ విస్తరి ముందు కూర్చోగలుగుతున్నాం. మీరేమో "ఖర్చు కాస్త ఎక్కువే" అని దాటేశారు. ఎంతమ్మా? ఇప్పుడు రోజు అద్దె 7,500 రూపాయలు దాటితే పన్ను 18 శాతం, లోపైతే 5 శాతం. మీ గది ఆ గీతకు ఏ వైపున ఉంది? "రెండు రోజుల విశ్రాంతి" అన్నారు. శనివారం మధ్యాహ్నం రెండింటికి తాళం ఇచ్చి, ఆదివారం పదకొండింటికి ఖాళీ చేయమన్నారని మీరే చెప్పారు. లెక్క వేయండి, 21 గంటలు. ఆ డబ్బు మీ ఇంట్లో ఎన్ని నెలల పాల ఖర్చో మీకు తెలియకుండా ఉండదు, బిల్లు మీద సంతకం పెడుతున్నప్పుడు మనసులో ఆ లెక్క వచ్చే ఉంటుంది. సిగ్గుపడి దాచేశారు. దాచిన చోటల్లా వ్యాసం చచ్చుబడిపోయింది.

ఒక తప్పు దిద్దాలి. కొత్త హంగులు దిద్దిన మీ హోటల్‌ను "నిజాం కట్టించిన ఫలక్‌నుమా"తో పోల్చారు. ఫలక్‌నుమాను కట్టించింది నిజాం కాదు. నిజాం కొలువులోని పాయిగా వంశపు అమీరు వికారుల్ ఉమ్రా 1884లో పని మొదలుపెట్టించారు. ఆ తర్వాతే అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్ళింది. ఏళ్ళ తరబడి మరమ్మతులు చేసి 2010లో హోటల్‌గా తెరిచారు. ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి ఊరి గురించి తప్పు రాయకూడదు. పైగా మీకు ఆ పోలికతో పనేమిటి? మీ హోటల్‌లో పాతదేదో ఒకటి మిగిలిందని మీరే అన్నారు: లిఫ్టు పక్కన మొజాయిక్ మెట్లు, చేతులు రాసుకుని మెరుపెక్కిన ఇత్తడి కడ్డీ. అవి నాకు గుర్తున్నాయి. ఆ హోటల్‌కు పాత పేరున్న రోజుల్లో, లిఫ్టు పనిచేయని నాడు ఆ కడ్డీ పట్టుకుని నేనూ ఎక్కాను. ఇప్పుడు గదిలో దీపం వెలగాలంటే గోడలో కార్డు పెట్టాలని, తీయగానే అంతా చీకటని మీరు రాసిన వాక్యం బాగుంది. కానీ కార్డు గోడలోంచి ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో, ఆ చీకట్లో కిటికీ ఎలా ఉందో రాయలేదు.

శీర్షిక "నగరంలోనే స్వర్గం" వద్దు. సొంత ఊళ్ళోనే హోటల్‌లో సెలవు గడపడాన్ని స్టేకేషన్ అంటారని, ఆ మాటకు తెలుగు లేదని వాపోయారు. విడిది ఉందిగా! పెళ్ళికొడుకుదీ పెళ్ళికూతురుదీ ఒకే ఊరైనా, ఆఖరికి ఒకే వీధైనా, మగపెళ్ళివారికి నాలుగిళ్ళ అవతల విడిదిల్లు ఇచ్చి, మేళంతో ఎదురెళ్ళి తీసుకొచ్చేవారు. తమ సొంత ఇల్లు కనబడుతూనే ఉండేది. అయినా ఆ పూట వాళ్ళు అతిథులు. కాళ్ళకు నీళ్ళిచ్చేవారు, పానకం ఇచ్చేవారు. సొంత వీధిలో పరాయి మనిషిగా మర్యాద పొందడం మన వాళ్ళకు తెలియనిది కాదు. 2020 జూన్‌లో హోటళ్ళు మళ్ళీ తెరుచుకున్నాక ప్రయాణికులు రాక, ఊళ్ళోవాళ్ళనే రమ్మని పిలవడం ఎక్కువైంది. అదే ఊరి అడ్రసున్న గుర్తింపు కార్డు చూపిస్తే గది లేదనే లాడ్జీలు ఈ రోజుకీ ఉన్నాయి. మీ ఆధార్ కార్డు మీద నారాయణగూడ అని చూసి కౌంటర్‌లో అమ్మాయి తలెత్తి మీ ముఖంలోకి చూసిందని రాశారు. నా కంపోజిటర్ ముఖంలోకి నేనూ అలాగే చూశాను. ఆ చూపు దగ్గర కాసేపు ఆగండి. ఆమెకు మీరేం సమాధానం చెప్పారు?

వర్తమానకాలంలో రాయవచ్చా అని అడిగారు. రాయవచ్చు, అది పెద్ద విషయం కాదు. కలం పేరు వద్దు, ఉన్న పేరుతోనే రాయండి. అది కూడా అడ్రసు లాంటిదే.

నాకు తెలియాల్సింది ఒకటుంది. ఆ సాయంత్రం వాన పడిందా? మీరు లిఫ్టు దిగి, ఆ పది నిమిషాల దూరం పరుగెత్తి వెళ్ళారా? తెర వేసేసి బఫేకు వెళ్ళారా? ఆదివారం ఇంటికి వచ్చాక మీ అత్తగారు వడియాల సంగతి ఎత్తారా, మీరు ఎత్తారా, ఇద్దరూ ఎత్తలేదా? ఏది జరిగినా సరే, మీ మీద నాకు గౌరవం తగ్గదు. జరిగింది జరిగినట్టు రాయండి. మీరు పరుగెత్తకపోతే పరుగెత్తినట్టు మాత్రం రాయకండి, అది కర్నూలు అని రాయడమే.

మీ వ్యాసంలో నాలుగో పేజీ ఒక్కటే ఈ ఉత్తరంతో తిప్పి పంపుతున్నాను. మిగతా పేజీలు నా దగ్గరే ఉంచుకున్నాను, వాటితో మీకు పనిలేదు. కాగితానికి ఒక వైపే రాయండి, ఎడమ పక్క మూడు వేళ్ళ మందం మార్జిన్ వదలండి. కళ్ళకు ఆపరేషన్ ఆషాఢంలో అంటున్నారు. ఆ లోపు పంపితే నేనే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి