విదేశంలో ఉంటున్న దంపతులు వారాంతాన్ని తీరికగా గడపడం ఎలా?

ఉద్యోగరీత్యా విదేశంలో ఉంటున్న కొత్త దంపతులమనీ, శని ఆదివారాలు కూడా పనులతో, ప్రయాణాలతో గడిచిపోతున్నాయనీ, ఇద్దరూ కలిసి విశ్రాంతిగా ఉండే మార్గం చెప్పమనీ మీరు అడిగారు. మాది తిరుపతి. 2016 నుంచి 2020 వరకు నేనూ నా భార్యా జర్మనీలోని మ్యూనిక్‌లో కాపురమున్నాం కనుక మాకు అనుభవమైనదే చెబుతాను.

మొదటి ఏడాది మేమూ మీలాగే ఉన్నాం. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రమంతా ప్రాంతీయ రైళ్లలో రోజంతా తిరగడానికి ఒకే టికెట్టు ఉంటుంది. మామూలు రోజుల్లో అది ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, శని ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది. ఇంత వెసులుబాటు ఉండగా ఇంట్లో కూర్చోవడం దండగనిపించి, ప్రతి శనివారం చీకటితోనే లేచి, పులిహోర కట్టుకొని, ఒక వారం సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌కు, మరో వారం నోయిష్వాన్‌స్టైన్ కోటకు పరుగెత్తేవాళ్లం. ఫోటోలు బాగానే పోగయ్యాయి గానీ, సోమవారం పొద్దున ఒకరినొకరు విసుక్కోకుండా ఆఫీసుకు బయలుదేరిన రోజు లేదు.

ఒక ఆదివారం, ఊరి నుంచి తెచ్చుకున్న వేంకటేశ్వరస్వామి పటం తగిలిద్దామని గోడకు డ్రిల్లింగ్ మెషీన్ పెట్టాను. రెండు నిమిషాలైనా కాకముందే కింది అంతస్తు పెద్దావిడ వచ్చి తలుపు తట్టి, ఆదివారం ఇటువంటి చప్పుడు చేయకూడదని నెమ్మదిగానే, ఖండితంగా చెప్పారు. ఆదివారం పనికి విరామంగా, మనసుకు ఉన్నతిగా ఉండాలని 1919 నాటి జర్మనీ రాజ్యాంగమైన వైమార్ రాజ్యాంగంలోని 139వ అధికరణం చెబుతుందనీ, ఇప్పటి రాజ్యాంగం కూడా దాన్ని అలాగే నిలుపుకొన్నదనీ ఆ తర్వాత తెలిసింది. బేకరీలు, రైల్వేస్టేషన్లలోని కొన్ని అంగళ్లు వంటివి తప్ప ఆ రోజు దాదాపు దుకాణాలేవీ తెరవరు. పటం సోమవారం దాకా బల్లమీదే ఉండిపోయింది. చేయడానికి పనేమీ లేక, మేమిద్దరం చాలా రోజుల తర్వాత ఎదురెదురుగా కూర్చున్నాం.

అప్పటినుంచి సరుకులు, బట్టలు ఉతకడం, ఇల్లు తుడవడం అన్నీ శనివారమే ముగించేవాళ్లం. బంధువులందరికీ వంతులవారీగా చేసే ఫోన్లు మానేసి, ఆదివారం ఉదయం పదిగంటలకు అమ్మకు మాత్రం చేసేవాళ్లం. వేసవిలోనైతే తిరుపతిలో అప్పుడు ఒకటిన్నర. "ఏం నాయనా, తింటిరా?" అని ఆమె అడిగేసరికి మా పొయ్యిమీద సంగటి ఎసరు కాగుతుండేది.

నా భార్యది మా వైపే ఉన్న పలమనేరు, సంగటి చేసే తీరు ఆమెదే. అన్నం మెత్తబడ్డాక రాగిపిండి నడుమ కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, ఉండ కట్టకుండా కెలకాలి. కరెంటు పొయ్యి నున్నటి గాజుపలక మీద గిన్నె నిలవదు. నేను రెండువైపులా గుడ్డలతో అదిమి పట్టుకుంటే ఆమె చెక్క గరిటెతో బలంగా కెలికేది. చేయి తడిచేసుకొని ముద్దలు చేసి, నడుమ గుంటలో నెయ్యి వేసి, ఊరిబిండితో, అంటే వేరుశనగ పచ్చడితో, తినేవాళ్లం. ఒకరివల్ల అయ్యే పని కాదు కనుకనే అది మాకు అంత ఇష్టమైంది. మనసులోని మాటలు చాలావరకు ఆ గిన్నె దగ్గరే బయటికి వచ్చేవి.

సాయంత్రం ఈజర్ నది ఒడ్డుకు నడిచేవాళ్లం. ఒకప్పుడు కట్టుదిట్టమైన గట్ల మధ్య బిగించిన ఆ నదిని, నగరంలో ఎనిమిది కిలోమీటర్ల మేర 2000 నుంచి 2011 దాకా పనులు చేసి, గులకరాళ్ల తిన్నెల మధ్య మళ్లీ స్వేచ్ఛగా పారనిచ్చారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే స్వర్ణముఖిని చూస్తూ పెరిగిన నాకు, ఆ చల్లటి పచ్చని నీళ్లలో కాళ్లుపెట్టి కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు.

మీరున్న దేశంలో ఆదివారం అంగళ్లు తెరిచే ఉండవచ్చు. అప్పుడు ఆ హద్దు మీరే గీసుకోవలసి ఉంటుంది. ప్రయాణాలు మానేయమని అనను, నెలకొకటి చాలు. ఇప్పుడు తిరుపతిలో మా ఇంటికి వారం వారం దర్శనానికి వచ్చే చుట్టాలు ఉంటారు, వాళ్లను చూసుకోవడం మాకు సంతోషమే. అయినా ఆదివారం సంగటి కెలికేటప్పుడు, అమ్మ వద్దంటున్నా వినకుండా, గిన్నె నేనే పట్టుకుంటున్నాను.