అన్నీ ఆడగల పిల్లకు ముందు ఒక చోటు చూపించు

అమ్మా, ఆశీస్సులు.

నువ్వు పంపిన పన్నెండు మంది జాబితా, మ్యాచ్ వీడియోలు అన్నీ చూశాను. తిరుపతిలో అమ్మాయిల కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌కు ఐదుగురిని పోగు చేయడమే గగనంగా ఉన్న రోజులు చూసినదాన్ని. ఎవరిని ఆడించాలా అని నీకు టెన్షన్ పట్టుకుందంటే నాకు సంతోషంగానే ఉంది. అన్ని చోట్లా ఆడగల పాకాల అమ్మాయిని ఏ స్థానంలో ఆడించాలని నువ్వు అడిగావు కాబట్టి అదే చెబుతాను.

ఆ పిల్ల బంతి తెస్తుంది, రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతిని (రీబౌండ్) పట్టుకుంటుంది, రింగు కింద ఆడే, తనకంటే పొడుగు సెంటర్‌నూ ఆపుతుంది. అందుకే ఎవరు రాకపోయినా, ఎవరికి కాలు బెణికినా ఆ చోట్లోకి ఆమెనే తోస్తున్నావు. అలా చేయకు. ఈ రోజు బంతి తెచ్చి ఆట నడిపే గార్డు, రేపు సెంటర్ అంటే పాపం ఏ పనీ చేతికి పట్టుబడదు. అమెరికాలో ఒరెగాన్ యూనివర్సిటీకి ఆడిన సబ్రీనా అయొనెస్కూ 2020లో రెండు వేల పాయింట్లు, వెయ్యి రీబౌండ్లు, వెయ్యి అసిస్టులు (తోటివాళ్ల చేత పాయింట్లు వేయించిన పాసులు) దాటింది. అక్కడి కాలేజీ ఆట మొదటి డివిజన్‌లో మగవాళ్లలో గానీ ఆడవాళ్లలో గానీ అంతకుముందు ఎవరూ ఆ మూడూ కలిపి సాధించలేదు. ఆమె మాత్రం గార్డుగానే ఉండి అన్ని రీబౌండ్లు పట్టింది.

మన పిల్లకు పవర్ ఫార్వర్డ్ స్థానం, అంటే రింగు దగ్గరా కాస్త బయటా ఆడే చోటు, ఖాయం చెయ్యి. ఎందుకంటావా? రెండో వీడియోలో మన గార్డును సైడ్‌లైన్ దగ్గర ఇద్దరు కమ్మేసినప్పుడు చూడు. ఈ అమ్మాయి రింగు కింద నుంచి, దానికి ఎదురుగా ఉండే ఫ్రీ త్రో లైన్ దాకా పరుగెత్తుకొచ్చి చేయి చాపింది. బంతి అందగానే నేలకు కొట్టలేదు, ముందు మెడ తిప్పి ఎడమ మూల చూసింది. అక్కడ మన షూటర్ ఒంటరిగా ఉంది. ఆ చూపు అందరికీ ఉండదమ్మా. ఆమె ఆ లైన్ దగ్గర నిలబడితే మిగతా నలుగురికీ దారి దొరుకుతుంది.

ఎదురుగా నిదానంగా కదిలే పొడుగమ్మాయి ఉంటే ఈమెను బయటికి లాగి డ్రైవ్ చేయించు, అంటే బంతితో రింగు వైపు దూసుకెళ్లనివ్వు. పొట్టి గార్డు పడితే రింగు దగ్గరికి పంపి అక్కడే బంతి ఇప్పించు. స్థానం పేరు కాగితం మీద అదే ఉంటుంది, పని మాత్రం ఎదుటి మనిషిని బట్టి మారుతుంది.

ఇలాంటి పిల్లను మొదట బెంచ్ మీద ఉంచి, తర్వాత ఆటలోకి దించేవాళ్లూ ఉన్నారు. మిగతా నలుగురూ గట్టిగా ఉన్నప్పుడు అది నడుస్తుంది. నీ టీమ్‌కు నప్పదు, మొదటి ఐదుగురిలోనే పెట్టు. ఆ ఐదుగురూ బాగా స్కోర్ చేసేవాళ్లే కానక్కర్లేదు. బంతి పోగొట్టకుండా తెచ్చేవాళ్లు ఇద్దరు, డిఫెన్స్ మీద ప్రాణం పెట్టే పిల్ల ఒకరు తప్పనిసరి. నీ సెంటర్ అలిసిపోతే పాకాల అమ్మాయిని అక్కడికి జరిపి, బయటి నుంచి ఒక ఫార్వర్డును దించు. ఒక్క మార్పుతో టీమ్ వేగం పెరుగుతుంది. ఈ రెండో స్థానం కూడా ఆమెకు ముందే చెప్పి, ప్రాక్టీస్‌లో చేయించు. మ్యాచ్ మధ్యలో కేకేసి చెబితే కుదరదు.

నలభై నిమిషాలూ ఆడించాలని చూడకు. మన ఎండకు సిమెంటు కోర్టు ఎలా కాలుతుందో నీకు తెలియంది కాదు. మొదటి క్వార్టర్ చివరి రెండు నిమిషాలు కూర్చోబెడితే, మధ్యలో వచ్చే రెండు నిమిషాల విరామం కలిసి ఊపిరి తీసుకుంటుంది.

ఫౌల్స్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఐదో ఫౌల్ పడితే బయటికి రావాల్సిందే. హాఫ్ టైమ్‌లోపే రెండు పడితే ఎదుటి సెంటర్‌ను ఆమెకు అప్పజెప్పకు, వింగ్‌లో, అంటే కోర్టు పక్క వైపున, కాపలా పెట్టు. పొడుగువాళ్లతో కుస్తీ పట్టే పని ఇంకొకరికి ఇవ్వు. ఆ ఇంకొకరికి మూడు ఫౌల్స్ అయినా ఫర్వాలేదు, ఈమె చివరి క్వార్టర్‌లో కోర్టులో ఉండాలి.

ఇంకొక్క మాట. ఇన్ని పనులు చేసే పిల్లకు స్కోర్ షీట్‌లో పాయింట్లు తక్కువే కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు "ఎన్ని వేశావు?" అనే అడుగుతారు. తోటి పిల్లకు దారి ఇవ్వడానికి ఎదుటివాళ్లకు అడ్డం నిలబడే స్క్రీన్లు ఎన్ని పెట్టింది, డిఫెన్స్‌లో ఎన్నిసార్లు హెల్ప్‌కు వచ్చిందో నువ్వు రాసి, టీమ్ అందరి ముందూ చదువు.

ఈ ఆదివారం ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఆమెను పవర్ ఫార్వర్డ్‌గానే ఆడించి, ఫౌల్స్ లెక్కతో పాటు వీడియో పంపు. సెంటర్ సంగతి అది చూశాక మాట్లాడుకుందాం.