ఫెయిర్‌ఫీల్డ్‌లో ఎవరు ఎటు, ఓటు వేసేది ఎందరు?

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊరికి కుటుంబంతో మారుతున్నామని, అక్కడ అందరూ ఒకే పార్టీ వాళ్ళేనా, జనం అసలు ఓటు వేస్తారా అని అడిగారు. నేనుండేది ఆగ్నేయ అయోవాలోని ఫెయిర్‌ఫీల్డ్‌లో. జనాభా సుమారు 9,400. ఇక్కడి మహర్షి ఇంటర్నేషనల్ యూనివర్సిటీలో కంప్యూటర్స్ చదవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. పౌరసత్వం వచ్చినప్పటి నుంచి ఓటు వేస్తున్నాను కాబట్టి నేను చూసింది చెప్తాను.

ముందు ఒక మాట. టీవీలో చూపించే మ్యాప్ రంగు చూసి ఊరిని అంచనా వేయకండి. మా జెఫర్సన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) 2008లో, 2012లో ఒబామాకు ఓటేసింది. 2016లో అతి స్వల్ప తేడాతో ట్రంప్ వైపు వెళ్ళి, ఆ తర్వాతి రెండుసార్లూ ఆయనతోనే ఉంది. మ్యాప్‌లో మాత్రం రిపబ్లికన్ల ఎరుపు ఎరుపే, స్వల్ప తేడా అందులో కనిపించదు.

ఈ ఊరి తీరుకు కారణం చరిత్రలో ఉంది. చుట్టూ మొక్కజొన్న, సోయాబీన్ పొలాలు. తరతరాలుగా ఇక్కడే ఉంటున్న రైతు కుటుంబాలు ఎక్కువగా రిపబ్లికన్లు. 1974లో ధ్యానం నేర్పే గురువు మహర్షి మహేశ్ యోగి అనుచరులు మూతబడిన పార్సన్స్ కాలేజీ ప్రాంగణంలోకి తమ యూనివర్సిటీని తెచ్చారు. ఆ వెనకే దేశం నలుమూలల నుంచి ధ్యానం చేసేవాళ్ళు వచ్చి ఇళ్ళు కొనుక్కున్నారు. బయటివాళ్ళు వీళ్ళంతా డెమోక్రాట్లే అనుకుంటారు కానీ అదీ పూర్తిగా నిజం కాదు. 1992లో వీళ్ళు నేచురల్ లా పార్టీ అని సొంత పార్టీయే పెట్టారు. యూనివర్సిటీలో భౌతికశాస్త్రం చెప్పిన జాన్ హేగెలిన్ ఆ పార్టీ తరఫున మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేశారు. 2012 రిపబ్లికన్ కాకస్‌లో (అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి పార్టీ వాళ్ళు జరుపుకునే సమావేశాల్లో) ఈ కౌంటీ రాన్ పాల్‌ను గెలిపించింది, 2016 డెమోక్రాట్ కాకస్‌లో బెర్నీ శాండర్స్‌ను. రెండు పార్టీల పెద్దలతోనూ పడనివాళ్ళంటే ఇక్కడ ఒక ఇష్టం ఉంది.

స్థానిక విషయాల్లో ఈ గీతలు ఇంకా చెరిగిపోతాయి. ఇక్కడ పెద్ద గొడవంతా పందుల షెడ్ల గురించే. వేల పందుల్ని ఒకే చోట పెంచే షెడ్ పక్కన వస్తుందంటే చాలు, పాతకాలపు రైతూ, ఆర్గానిక్ కూరగాయలు పండించే ధ్యాని ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వాసన, బావుల్లో నీళ్ళ భయం ఇద్దరికీ ఒకటే. కానీ కౌంటీని నడిపే ఎన్నికైన సూపర్‌వైజర్లకు దాన్ని ఆపే అధికారం లేదు, రాష్ట్ర చట్టం ఆ అధికారం వాళ్ళకు ఇవ్వలేదు. కాబట్టి ఈ కోపం అసలు చూపించాల్సింది రాష్ట్ర చట్టసభ ఎన్నికల్లో.

ఇక ఓటింగ్ సంగతి. అధ్యక్ష ఎన్నికప్పుడు జనం బాగానే వస్తారు, 2020లో అయోవా మొత్తం మీద దాదాపు 17 లక్షల ఓట్లు పడ్డాయి. నాకు బాధ కలిగించేది బేసి సంవత్సరాల్లో వచ్చే సిటీ, స్కూల్ బోర్డు ఎన్నికలు. రోడ్డు, మురుగునీరు, పిల్లల బడి అన్నీ వాటిలోనే తేలతాయి, కానీ పోలింగ్ కేంద్రం బోసిపోయి ఉంటుంది. మన దగ్గర సర్పంచి ఎన్నికంటే ఊరంతా కదులుతుంది, హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు కూడా బస్సెక్కి వస్తారు. ఇక్కడ అంతా తిరగబడి ఉంటుంది. సెలవు ఉండదు, సిటీ బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు, ఇంటికొచ్చి పిలిచేవాళ్ళు తక్కువ. మంగళవారం, డ్యూటీ అయ్యాక రాత్రి ఎనిమిదిలోపు వెళ్ళాలి.

పార్టీ పేరు లేకపోవడంలో మంచి కూడా ఉంది. మా వీధిలో ట్రంప్ బోర్డు పెట్టుకున్న రిటైర్డ్ రైతు ఒకాయన కౌన్సిల్‌కు మాత్రం ధ్యానం చేసే ఆవిడకే ఓటేశానని నాతో అన్నారు. వానొస్తే ఆయన ఇంటి ముందు నీళ్ళు నిలిచేవి, ఆవిడ పట్టుబట్టి కాలువ బాగుచేయించారు.

బ్యాలెట్ కాగితమే. గుండ్రాలు పెన్నుతో నింపి స్కానర్‌లో పెట్టాలి. నవంబరు పెద్ద ఎన్నికలో రెండో వైపు తిప్పడం మర్చిపోవద్దు. జడ్జీల్ని కొనసాగించాలా వద్దా అనే ప్రశ్నలు, నేల-నీటి పరిరక్షణ కమిషనర్ల పేర్లు అక్కడే ఉంటాయి, చాలామంది ఖాళీగా వదిలేస్తారు. 2010లో స్వలింగ వివాహాలకు అనుకూలంగా తీర్పిచ్చిన అయోవా సుప్రీంకోర్టు జడ్జీల్లో ముగ్గురిని ఓటర్లు ఇంటికి పంపింది ఈ ప్రశ్నతోనే.

ఒక్క ఓటుతో ఏమవుతుంది అనేవాళ్ళకు నేను 2020 గురించి చెప్తాను. మా కౌంటీ ఉన్న అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) నియోజకవర్గంలో సుమారు 3.94 లక్షల ఓట్లు పడితే రిపబ్లికన్ మారియనెట్ మిల్లర్-మీక్స్ డెమోక్రాట్ రీటా హార్ట్ మీద గెలిచింది 6 ఓట్లతో. లెక్కలు సరిచూస్తున్న కొద్దీ ఆధిక్యం అటూ ఇటూ మారుతూ ఊరంతా టెన్షన్. 2024లో మళ్ళీ ఆవిడే, ఈసారి 800 లోపు తేడాతో. ఆ రోజు "పనుంది, వెళ్ళలేదు" అన్నవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు. ఆ మాట వింటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మీరు హెచ్1 మీదో గ్రీన్ కార్డు మీదో వస్తుంటే ఒక జాగ్రత్త. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్‌లో ఓటరుగా నమోదు చేయమంటారా అని అడుగుతారు. తొందరలో అవునని టిక్ పెట్టకండి. పౌరుడినని తప్పుగా చెప్పినట్టయితే తర్వాత పౌరసత్వానికే ముప్పు, దేశం నుంచి పంపేయవచ్చు కూడా. పౌరసత్వం వచ్చాక మాత్రం ఆలస్యం చేయకండి. గడువు దాటినా ఇక్కడ పోలింగ్ రోజునే ఐడీ, చిరునామా రుజువు చూపించి నమోదు చేసుకుని ఓటేయొచ్చు. ముందే వేయాలంటే 20 రోజుల ముందు నుంచి, ఎన్నికలు నిర్వహించే కౌంటీ ఆడిటర్ ఆఫీసులో వేయవచ్చు.

ఓటు లేని ఈ మధ్యకాలంలో కూడా సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు సమావేశాలకు వెళ్ళండి, ఎవరైనా కూర్చోవచ్చు. ఎజెండా కనీసం 24 గంటల ముందు పెట్టాలని చట్టం. మీ పిల్లల బడి గురించి అందులో ఏమైనా ఉంటే, బోర్డు ప్రజలకు ఇచ్చే సమయంలో లేచి పేరు చెప్పి మాట్లాడండి. మేయరైనా, బోర్డు సభ్యులైనా మర్నాడు కిరాణా దుకాణంలో మీకు ఎదురుపడేవాళ్ళే.