లోడు లారీకి గాలి ఎంత? మేనల్లుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, మామయ్య దీవెనలు.

ఎండాకాలం కదా, పది చక్రాల బండికి టైరులో గాలి వంద పాయింట్లు (పీఎస్‌ఐ) చాలని పంక్చర్ షాపులో చెప్పారన్నావు. ఆ మాట వినకు. ఫోన్లో తేల్చేసే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను.

ఎండకు టైరులో గాలి వ్యాకోచిస్తుంది, నిజమే. కానీ టైరు పేలేది ఎక్కువగా దానివల్ల కాదు. గాలి తగ్గితే లోడు కింద టైరు పక్కగోడ చుట్టుచుట్టుకీ ఎక్కువగా మడతపడుతుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచుతుంటే వేడెక్కి తెగినట్టే, రేడియల్ టైరు లోపలి ఉక్కు తీగలూ రబ్బరూ వేడికి విడిపోతాయి. మే నెలలో చిలకలూరిపేట రోడ్డు పక్కన కనబడే టైరు పీలికలు చాలావరకు గాలి ఎక్కువై పేలినవి కావు, తక్కువై కాలినవి.

ఎంత కొట్టాలన్నది బరువును బట్టి ఉంటుంది. టైరు పక్కన చూడు, ఎంత బరువుకు ఎంత గాలో అచ్చు వేసి ఉంటుంది. నీవి 10.00 ఆర్ 20 సైజు, 146/143 అని ఉన్నాయన్నావు కదా. అంటే ఒంటి టైరుగా 3000 కిలోలు, పక్కపక్కన బిగించిన జోడీలో ఒక్కోటి 2725 కిలోలు మోస్తుంది. అదీ టైరు మీద రాసినంత గాలి ఉంటేనే. 2018లో ప్రభుత్వం వెనక రెండు ఇరుసుల జోడీకి పరిమితిని 19 టన్నుల నుంచి 21 టన్నులకు పెంచింది. ఎనిమిది టైర్లకు పంచితే ఒక్కోదానికి 2625 కిలోలు. మిగిలింది వంద కిలోలే. జగ్గయ్యపేట నుంచి సిమెంటు నిండా ఎత్తుకుని, టైరు మీద 120 ఉన్నచోట వంద కొట్టిస్తే ఆ కాస్త వెసులుబాటూ పోయినట్టే. అలాగని ఎక్కువ లోడు వేసి 140 కొట్టిస్తే సరిపోతుందని కూడా అనుకోకు. రాసినదానికి మించి గాలి కొడితే టైరు బలం పెరగదు, గుంటలో పడితే పగులుతుంది. అందుకే ముందు కాటా వేయించి ఏ ఇరుసు మీద ఎంత ఉందో తెలుసుకో. తర్వాత టైరు కంపెనీ పట్టిక చూసి గాలి కొట్టించు. ముందు టైర్లు పక్కన తోడు లేకుండా ఒంటరిగా మోస్తాయి, వాటికి ఎప్పుడూ తక్కువ చెయ్యకు.

గాలి చూడాల్సింది చల్లగా ఉన్నప్పుడే. కనీసం మూడు నాలుగు గంటలు బండి ఆగి ఉండాలి, తెల్లవారుజామున అయితే మరీ మంచిది. పది డిగ్రీల వేడికి దాదాపు నాలుగు పాయింట్లు పెరుగుతుంది. 120తో బయల్దేరిన టైరు మధ్యాహ్నానికి 135 చూపిస్తే కంగారుపడి గాలి తీసేయకు. అది మామూలే, టైరు తయారు చేసేటప్పుడే ఆ లెక్క వేసుకుంటారు. నువ్వు 120కి దించితే రేపు చల్లారాక వంద పైచిలుకే ఉంటుంది. కాజ టోల్ దాటాక దాబా దగ్గర ఆగి వేడి టైరుకు సరిగ్గా 120 కొట్టించినా ఇదే గొడవ.

జోడీ టైర్ల దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. లోపలి టైరు వాల్వు చేతికి అందదని రాడ్డుతో కొట్టి, శబ్దం విని వదిలేస్తారు. పూర్తిగా దిగిన టైరు తెలుస్తుందేమో గానీ, 120కీ 90కీ తేడా ఆ శబ్దంలో తెలియదు. జోడీలో ఒకటి తగ్గితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది, అలా రెండూ పాడవుతాయి. రెండింటికీ ఐదు పాయింట్లకు మించి తేడా ఉండకూడదు. లోపలి వాల్వుకు పొడుగు గొట్టం వేయించు. గాలి చూశాక వాల్వు నోటికి కాస్త ఉమ్ము తడి రాయి, బుడగ లేస్తే వాల్వు లోపలి పిన్ను మార్చు. మూత తప్పకుండా పెట్టు, అది లేకపోతే దుమ్ము చేరి పిన్ను కారుతుంది.

ఒకటి మాత్రం బాగా గుర్తుపెట్టుకో, ఇది ప్రాణాలకు సంబంధించింది. 120 ఉండాల్సిన టైరు 95 కంటే దిగిపోయి, దానిమీదే లోడుతో నడిచి ఉంటే రోడ్డు పక్కన మళ్లీ గాలి కొట్టించకు. లోపల తీగలు తెగి ఉంటే గాలి ఎక్కేటప్పుడే పక్కగోడ పేలుతుంది. విప్పించి లోపల చూపించాలి, ఇనప బోనులో పెట్టే గాలి కొట్టాలి. క్లీనర్ కుర్రాణ్ణి టైరు పక్కగోడకు ఎదురుగా నిలబడనివ్వకు.

నైట్రోజన్ గురించి అడిగావు. మంచిదే గానీ వేడికి అదీ అంతే పెరుగుతుంది. ఆ డబ్బుతో ముందు ఒక మంచి గేజి కొనుక్కో. షాపు గేజీని నమ్ముకోకు, ఒక్కో షాపుది ఒక్కోలా చూపిస్తుంది.

ముందు ఎడమ టైరు ఒకవైపే అరుగుతోందన్నావు. గాలి తక్కువైతే రెండు అంచులూ, ఎక్కువైతే మధ్యలో అరుగుతుంది. ఒకవైపే అంటే అలైన్‌మెంట్, అదే చక్రాల వరుస, తప్పి ఉండొచ్చు. ఆదివారం లోడు దించాక ఆటోనగర్ తీసుకురా, నేనూ వస్తాను, చూపిద్దాం.

మీ మామయ్య