పాత ఓనర్ ఫోన్‌లో మీ కారు ఇంకా కనిపిస్తుంటే

సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు విజయవాడ బెంజ్ సర్కిల్‌లో ఉన్నా గుంటూరులో ఉన్నా పాత ఓనర్ ఫోన్‌లోని కారు కంపెనీ యాప్‌లో కనిపిస్తోందన్నారు కదా బ్రదర్, స్క్రీన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినంత మాత్రాన చాలా కార్లలో అది పోదు. పోయేది బ్లూటూత్ పేర్లు, కాంటాక్టులు లాంటివే. కారు లోపల ఒక ఈ-సిమ్, అంటే కంపెనీయే బిగించిన సిమ్ ఉంటుంది, లొకేషన్ దాని మీదుగానే కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది, అక్కడ మీ ఛాసిస్ నంబర్ ఇంకా ఆయన అకౌంట్‌లోనే ఉండి ఉంటుంది. ముందు ఆయనకే ఫోన్ చేసి యాప్‌లోంచి కారు తీసేయమనండి. ఎత్తకపోతే మీ పేరు మీదికి మారిన ఆర్సీ పట్టుకుని షోరూమ్‌కి వెళ్లండి, కనెక్టెడ్ సర్వీస్‌లో, అంటే కారుని యాప్‌తో కలిపే సర్వీస్‌లో, ఓనర్‌ని మార్చమని గట్టిగా అడగండి. ఆటోనగర్‌లో ఎవరైనా ఫ్యూజ్ పీకేస్తానంటే మాత్రం వద్దు, ఎమర్జెన్సీ కాల్ కూడా పోవచ్చు. యాప్‌తో డోర్ తెరుచుకునే మోడల్ అయితే, మారేదాకా లోపల ల్యాప్‌టాప్ వదలకండి.