ఫోను డేటాతో ఇల్లు గడుస్తుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కొంతకాలంగా కోనసీమ నుంచీ, పశ్చిమ డెల్టా నుంచీ ఒకే సందేహంతో ఉత్తరాలు వస్తున్నాయి. చేతిలో 5జీ ఫోను ఉండగా ఇంటికి వేరే ఇంటర్నెట్ కనెక్షను ఎందుకన్నది ఆ సందేహం. అడిగిన ఇళ్ళు వేరు కాబట్టి జవాబులూ వేరు వేరుగానే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. ఇంటి నెట్టుకు జీఎస్టీతో కలిపి నెలకు 471 రూపాయలు కడుతున్నాము. మా వారి ఫోనుకు 28 రోజులకు 349 రూపాయల ప్లాను ఉంది. అందులో రోజుకు 2 జీబీతో పాటు అపరిమిత 5జీ కూడా వస్తోంది. ఆ ఫోనులో హాట్‌స్పాట్ పెట్టుకుంటే సరిపోతుంది, వైఫై తీయించేద్దామని ఆయన అంటున్నారు. ఆయన కొబ్బరి వ్యాపారం మీద తెల్లవారుజామున వెళితే రాత్రికి గాని రారు. ఇంట్లో మా అత్తగారు, నేను, ఇంటర్ చదివే మా అబ్బాయి ఉంటాము. స్మార్ట్ టీవీ ఉంది.
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ వారి కూడికలో తప్పు లేదు. నెలకు 471 చొప్పున ఏడాదికి 5,652 రూపాయలు మిగులుతాయి. కాకపోతే మీ ఉత్తరంలోనే సమాధానం ఉంది. ఆయన తెల్లవారుజామున బండి తీసినప్పుడు ఫోను ఆయన జేబులోనే వెళుతుంది, దానితో పాటు ఇంటి ఇంటర్నెట్టూ వెళుతుంది. పగలంతా ముగ్గురు మనుషులూ, ఒక టీవీ దేనిమీద ఆధారపడాలో ఆయన చెప్పినట్టు లేదు. ఇంటి కనెక్షను ఇంటిది, ఫోను దాన్ని పట్టుకు తిరిగే మనిషిది. ఈ తేడా రీచార్జి లెక్కలో కనిపించదు.

ఆయన ఇంట్లో ఉన్న వేళ సంగతీ చూద్దాం. టీవీలో బొమ్మ స్పష్టంగా ఉండాలంటే సెకనుకు సుమారు 5 మెగాబిట్లు కావాలి, అంటే గంటకు రెండు జీబీలు దాటుతుంది. మీ అత్తగారు అరగంట సీరియళ్ళు రెండు చూసేసరికి ఆ రోజు కోటా అయిపోతుంది. ఆ తరువాత ఎక్కువ ప్లాన్లలో వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఒక ఎంబీ శుభలేఖ ఫొటో ఆ వేగంలో దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది. అబ్బాయి పాఠం వీడియో మాట ఇక చెప్పనక్కరలేదు.

5జీ అపరిమితం కదా అని మీ వారు అనవచ్చు. ఫోను పైన 5జీ అని చూపిస్తున్నంతసేపే అది అపరిమితం. శ్లాబు ఇంటి లోపలి గదిలోకి వెళ్ళి ఫోను 4జీకి దిగిందంటే, ఎవరికీ తెలియకుండా ఆ 2 జీబీలు కరగడం మొదలవుతుంది. కొన్ని ఫోన్లు కాల్ మాట్లాడుతున్నప్పుడు కూడా 4జీకి దిగిపోతాయి. పైగా అపరిమితమన్న మాట వెనుక సొంత వాడకానికి మాత్రమేననీ, నెలకు ఇంత దాటరాదనీ షరతులు ఉంటాయి కాబట్టి, మీ ప్లాను నిబంధనల్లో హాట్‌స్పాట్ గురించి ఏమున్నదో ఒకసారి చదివించుకోండి. ఇంటి ఫైబరు ప్లాన్లలో సాధారణంగా ఉండే హద్దు నెలకు 3,300 జీబీ. రోజుకు 2 జీబీ చొప్పున 28 రోజులకు వచ్చేది 56 జీబీ. మీ ఇల్లు 3,300 దగ్గరకు ఏనాడూ చేరదు గాని, 56ను మాత్రం మొదటి వారం రోజుల్లోనే దాటే అవకాశం ఉంది.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే, కనెక్షను తీయించకుండానే వారం రోజులు రూటరు ప్లగ్గు పీకి ఉంచండి. తగవు తీర్చడానికి అంతకన్నా మంచి మధ్యవర్తి లేడు.

నిజంగా మిగల్చాలంటే డబ్బు మరో వైపు ఉంది. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు గడప దాటని ఫోన్లకు రోజువారీ డేటా ఎందుకు? కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు కూడా పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది, మరుసటి నెలలోనే అవి వచ్చాయి. మీ అత్తగారి ఫోనుకు అలాంటిది చాలు. మీ ఫోనుకూ చాలవచ్చు. వైఫై తీసేసి ఫోన్లకు డేటా పెంచడం కన్నా, వైఫై ఉంచి ఫోన్లకు డేటా తగ్గించడం మీ ఇంటికి లాభం.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మకాం వద్ద సిమ్ కార్డుతో పనిచేసే కెమెరా పెట్టించాను. రోజుకు 1.5 జీబీ ప్లాను వేశాను. రాత్రి బాగానే కనిపిస్తుంది, తెల్లవారి లేచి చూస్తే బొమ్మ రాదు. సిగ్నలు లోపమా, కెమెరా లోపమా?
– ఒక రైతు

జవాబు: రెండూ కాదండీ, కోటా అయిపోతోంది. కెమెరా సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున ఆగకుండా పంపుతూ ఉంటే రోజుకు 10.8 జీబీ ఖర్చవుతుంది. రోజువారీ డేటా అర్ధరాత్రి 12 గంటలకు కొత్తగా మొదలవుతుంది కాబట్టి, 1.5 జీబీ సరిగ్గా మూడు గంటల ఇరవై నిమిషాలకు నిండుకుంటుంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయి రొయ్య పైకి తేలేది సరిగ్గా ఆ తెల్లవారుజామునే కదా, కెమెరా కన్ను మూసేదీ అప్పుడే. మీరు కెమెరా కొన్నది ఏ వేళ కోసమో ఆ వేళకే అది లేకుండా పోతోంది.

పెద్ద ప్లాను కొనకముందు కెమెరా సెట్టింగులు మార్చి చూడండి. రికార్డింగు అంతా కెమెరాలోని మెమరీ కార్డులో పడేటట్లు పెట్టి, మీరు ఫోనులో తెరిచినప్పుడు మాత్రమే బొమ్మ బయటకు వచ్చేటట్లు చేస్తే రోజుకు 1.5 జీబీ ధారాళంగా సరిపోతుంది. కదలిక కనిపిస్తేనే పంపే పద్ధతి కూడా ఉంటుంది గాని, చెరువు గట్టున దీపం చుట్టూ ముసిరే పురుగుల్ని కూడా అది దొంగలుగానే లెక్కిస్తుంది. అందుచేత మకాం తలుపు, మేత బస్తాలు, నీటిలోకి గాలి పంపే ఏరేటర్లు ఉన్న మేరకే గీత గీసి, ఆ భాగంలో కదలికనే చూడమని చెప్పండి.

ఒక్క మాట అదనంగా చెబుతాను. కరెంటు పోయి ఏరేటర్లు ఆగిన సంగతి తెలియడానికి కెమెరాను నమ్ముకోకండి. మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టరు లాంటి పరికరాలు కరెంటు పోగానే మీకు ఫోను చేస్తాయి. వాటికి డేటాతో పని లేదు.

ప్రశ్న: మాది గోదావరి పాయల మధ్య లంక గ్రామం. కేబుల్ మా దాకా రాలేదు, ఫోను డేటానే గతి. డాబా మీద నాలుగు గీతలు వస్తాయి, కింద గదిలోకి వస్తే ఒకటే. సిగ్నల్ బూస్టరు కొనమని ఒకరు చెప్పారు. కొనమంటారా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: కొనవద్దమ్మా. అనుమతి లేని బూస్టర్లు పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం, పైగా అవి చుట్టుపక్కల అందరి సిగ్నలునూ పాడుచేస్తాయి. మీ ఇబ్బందికి చవకైన మార్గమే ఉంది.

మీ చుట్టూ కొబ్బరి తోటలు ఉంటాయి కదా. ఆకుల్లోని నీరు రేడియో తరంగాలను పీల్చుకుంటుంది, వాన పడ్డాక మరీను. తరంగం పౌనఃపున్యం పెరిగిన కొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. 5జీ ఎక్కువగా నడిచే 3,300 మెగాహెర్ట్జ్ శ్రేణి తరంగం తోట దాటి, గోడ దాటి లోపలికి రావడానికి తడబడుతుంది, 700, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దానికన్నా సులువుగా వస్తాయి. అందువల్ల మీ గదిలో 5జీ కోసం పట్టుబట్టకుండా ఫోనును 4జీకి మార్చి చూడండి, కొన్ని ఇళ్ళలో అదే నిలకడగా ఉంటుంది.

అంతకన్నా మంచి పని, ఫోనును ఎక్కడో పెట్టి దాని హాట్‌స్పాట్ మీద ఆధారపడకుండా, సిమ్ వేసుకునే రూటరు ఒకటి తీసుకుని మేడ మీద కిటికీ దగ్గర, టవరు ఉన్న వైపున పెట్టడం. అక్కడ నుంచి కింద గదికి వైఫై అందకపోతే లాన్ వైరు దింపండి, 100 మీటర్ల దాకా అది ఇబ్బంది పెట్టదు. ఆరుబయట యాంటెన్నా పెట్టేవారు రూటరును కింద ఉంచి యాంటెన్నా తీగను పొడవుగా లాగుతారు. ఆ తీగలోనే సగం సిగ్నలు పోతుంది. తీగ పొట్టిగా, లాన్ వైరు పొడవుగా ఉండాలి. ఫోను సెట్టింగుల్లో సిమ్ వివరాలలో సిగ్నలు బలం మైనస్ అంకెగా కనిపిస్తుంది. మైనస్ 90కి దగ్గరలో ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే బలహీనమైనట్టు. గీతలు ఒక్కో ఫోనులో ఒక్కో రకంగా చూపిస్తాయి గనుక, రూటరు స్థలం ఎంచేటప్పుడు ఈ అంకెనే చూడండి.

రూటరు పైన పెట్టమనడానికి మీకు మరో కారణం చెప్పనక్కరలేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద మీ లంకల్లో ఎవరూ మరిచిపోయి ఉండరు. 2023లో జియో, ఎయిర్‌టెల్ మొదలుపెట్టిన ఎయిర్‌ఫైబర్ మీ ఊరి టవరు మీద ఉన్నదేమో కూడా కనుక్కోండి. డాబా మీద పెట్టెతో టవరు నుంచే వచ్చే కనెక్షను అది, కేబుల్ అవసరం లేదు, కోటా కూడా ఫోను ప్లానుకన్నా చాలా పెద్దది.

ప్రశ్న: నేను నరసాపురంలో ఒంటరిగా ఉండే విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. ఉదయం ప్రవచనం వినడం, రాత్రి హైదరాబాదులో ఉన్న మా అమ్మాయితో వీడియో కాల్ మాట్లాడడం, ఇంతే నా వాడకం. ఇంటి కనెక్షనుకు ఆరు నెలల డబ్బు ముందుగానే ఒకేసారి కట్టమంటున్నారు. తీసేయవచ్చా? తుపాను వస్తే ఏది నమ్మకం?

జవాబు: నిరభ్యంతరంగా తీసేయండి మాస్టారూ. వాట్సాప్ వీడియో కాల్ గంటకు అర జీబీకి అటూ ఇటూగా ఉంటుంది. ప్రవచనాన్ని తక్కువ నాణ్యతలో పెట్టుకుంటే అదీ అంతే. రోజుకు 1.5 జీబీ మీకు మిగిలిపోతుంది. కనెక్షను రద్దు చేసేటప్పుడు వాళ్ళ పెట్టె తిరిగి ఇచ్చినట్టు రసీదు, డిపాజిట్టు ఉంటే ఆ డబ్బు అడిగి తీసుకోండి. 28 రోజుల ప్లానుకు ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జిలు పడతాయి. నెల తేదీ గుర్తు పెట్టుకోవడం మీకు సులువైతే ప్రతి నెలా అదే తేదీకి రీచార్జి పడే ప్లాను అడగండి, ప్రతి కంపెనీ కనీసం ఒకటి ఉంచాలని 2022 నుంచి ట్రాయ్ నిబంధన.

తుపానులో పూర్తిగా నమ్మదగినది ఏదీ లేదు. కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన ఫైబరు మీద ఒక్క కొబ్బరి మట్ట పడినా వీధంతా ఆగిపోతుంది. టవర్లకు బ్యాటరీలూ, జనరేటర్లూ ఉంటాయి గాని, డీజిలు చేర్చే దారి మూసుకుపోతే అవీ ఒకటి రెండు రోజుల్లో మూగబోతాయి. మొదటి కొన్ని గంటలు ఫోనుదే పైచేయి. ఫోనులో రెండో సిమ్ పెట్టేందుకు చోటు ఉంటే వేరే కంపెనీది చిన్న ప్లానుతో వేసి ఉంచండి.

ప్రశ్న: సంక్రాంతికి రాజోలు దగ్గర మా ఊరికి వచ్చి పది రోజులు అక్కడి నుంచే ఆఫీసు పని చేస్తాను. నిరుడు ఫోను డేటాతో మొదటి మూడు రోజులు బాగా నడిచి, భోగి నుంచి మీటింగులన్నీ తెగిపోయాయి. ప్లాను మార్చాలా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: ప్లాను మారిస్తే ప్రయోజనం లేదు. ఒక టవరుకు ఉన్న సామర్థ్యాన్ని ఆ క్షణంలో దానిమీద ఉన్న ఫోన్లన్నీ పంచుకుంటాయి. భోగికి ఊళ్ళో జనం ఎంత పెరుగుతారో మీకు తెలుసు, కోడిపందేల బరుల దగ్గర వేలమంది వీడియోలు తీసి అక్కడికక్కడే పంపుతూ ఉంటే మీ కోటాలో ఎన్ని జీబీలు ఉన్నా టవరులో జాగా ఉండదు. మీటింగుకు దిగుమతి (డౌన్‌లోడ్) వేగం కన్నా ఎగుమతి (అప్‌లోడ్) వేగం ముఖ్యం, ముందుగా దెబ్బతినేది కూడా అదే.

వేగం పరీక్ష ఉదయం ఆరింటికి చేసి సంతోషించకండి, రాత్రి ఎనిమిదింటికి చేసి ఎగుమతి అంకె చూడండి. అది 2 మెగాబిట్లకు తగ్గితే మీటింగులో మీ వీడియో ఆపి మాట మాత్రమే ఉంచండి, మాటకు చాలా కొద్ది డేటా సరిపోతుంది. పెద్ద ఫైళ్ళు తెల్లవారుజామున పంపండి. వేరే కంపెనీ సిమ్ ఒకటి తెచ్చుకోండి, అయితే కొనేముందు ఆ కంపెనీ వాడే బంధువు ఫోనుతో మీ ఇంట్లోనే ఒకసారి చూడండి. రెండు కంపెనీల యాంటెన్నాలు ఒకే టవరు మీద ఉన్నా వాటి రద్దీ మాత్రం వేరుగానే ఉంటుంది. ముఖ్యమైన మీటింగు కనుమ నాడు పడితే, ఫైబరు ఉన్న పక్కింటి వారి అరుగు మీద ఒక కుర్చీ ముందే అడిగి ఉంచుకోండి.