వాయుగుండం టైంలో హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం ఒక్కడినే కార్లో వెళ్ళొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: శ్రీకాకుళంలో ఫ్రెండ్ పెళ్ళి, తోడెవరూ లేరు, చిన్న హ్యాచ్‌బ్యాక్, బంగాళాఖాతంలో వాయుగుండం అంటున్నారు, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే రాత్రికి చేరతానా అని. మామూలు రోజుల్లో అయితే చేరతారు, ఏడొందల కిలోమీటర్ల పైచిలుకు, రోడ్డు బావుంటుంది, చాలామంది చేసేదే. వాయుగుండం ఉన్నప్పుడు మాత్రం ఒక్కరోజు ప్లాన్ వద్దు. రెండ్రోజులు పెట్టుకుని బయల్దేరండి, లేదంటే మానేయండి.

మాది టెక్కలి దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. 2024 ఆగస్టు 31 శనివారం మధ్యాహ్నం భోంచేసి ఒక్కడినే బయల్దేరాను, సోమవారం తాతగారి సంవత్సరికం ఉంది ఇంటి దగ్గర. ఎల్బీనగర్‌లో తుంపర, చౌటుప్పల్ దాటేసరికి వైపర్లు ఫుల్ స్పీడ్‌లో పెట్టినా అద్దం తుడిచిన అర సెకనే రోడ్డు కనపడటం, మళ్ళీ అంతా నీళ్ళే. నకిరేకల్ తర్వాత ఎడమ లైన్‌లో సగం రోడ్డు మీద, సగం కింద ఒక లారీ ఆగి ఉంది, వెనక లైట్ లేదు, టార్పాలిన్ కొస వేలాడి రేడియం స్టిక్కర్‌ని కప్పేసింది, ఉన్న కాస్త స్టిక్కర్ మీద బురద. నేను అరవైలో ఉన్నాను కాబట్టి పక్కకి తీసుకోగలిగాను, అదే ఎనభైలో ఉంటే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు. వానలో హైవే మీద జనం నీళ్ళకి భయపడతారు గానీ నన్నడిగితే రాత్రిపూట ఇలా ఆగున్న బండ్లే ఎక్కువ ప్రమాదం.

చీకటి పడితే ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళోనే ఆగాలని ఇంట్లోనే అనుకుని బయల్దేరాను, సూర్యాపేట వచ్చేసరికి చీకటి పడింది, లాడ్జి తీసుకున్నాను. ఒక్కళ్ళే వెళ్ళేవాళ్ళకి ఇది చాలా ముఖ్యం ఎందుకంటే పక్కన ఎవరైనా ఉంటే "ఇక చాలు ఆపెయ్యి" అంటారు, ఒంటరిగా ఉన్నప్పుడు ఇంకో నూటముప్పై కిలోమీటర్లే కదా, విజయవాడ వెళ్ళి పడుకుందాం అనిపిస్తూనే ఉంటుంది.

పొద్దున లేచేసరికి కోదాడ దాటాక రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర పాలేరు పొంగి దారి పోయింది, నందిగామ దాటాక ఐతవరం దగ్గర మున్నేరు నీళ్ళు హైవే ఎక్కేశాయి, హైదరాబాద్–విజయవాడ రాకపోకలు బంద్. ఇక్కడ ఒక విషయం గమనించండి, ఆ వాయుగుండం తీరం దాటింది కళింగపట్నం దగ్గర, అంటే మా జిల్లాలో. మా అమ్మ ఫోన్ చేసి "ఇక్కడ మరీ అంత లేదురా, అక్కడేంటి టీవీలో అలా చూపిస్తున్నారు" అంటోంది. అసలు దెబ్బంతా అక్కడికి నాలుగొందల కిలోమీటర్ల దూరంలో విజయవాడకి, ఖమ్మానికి తగిలింది. బుడమేరు విజయవాడని ముంచింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కాబట్టి తీరం దాటేది ఫలానా చోట, మన దారి దానికి దూరం అని లెక్కలేసుకోకండి, ఏ జిల్లాలకి ఆరెంజ్, రెడ్ అలర్ట్ ఇచ్చారో అది చూడండి.

లాడ్జి కింద టీ బండి దగ్గర ఒక లారీ డ్రైవర్ అన్నాడు, "మున్నేరు దిగితేగానీ బండి కదలదు, ఖమ్మంలో వాన ఆగితేగానీ మున్నేరు దిగదు, మీరు ఇక్కడి ఆకాశం చూసి ఏం లాభం సార్" అని. వాతావరణం యాప్‌లు చూసే మనకంటే ఆయనకే బాగా తెలుసు. పైన మహబూబాబాద్, ఖమ్మం వైపు పడ్డ వాన కొన్ని గంటల తర్వాత కింద హైవే మీదకొస్తుంది, అప్పటికి మీ నెత్తిన ఎండ కూడా కాయొచ్చు. మీ దారిలో పాలేరు, మున్నేరు, ఏలూరు దగ్గర తమ్మిలేరు, తర్వాత ఎర్రకాలువ, గోదావరి, ఎర్రవరం దగ్గర ఏలేరు, తుని దగ్గర తాండవ, అనకాపల్లి దగ్గర శారద, చివర నాగావళి ఉన్నాయి. పెద్ద నదుల మీద వంతెనలు ఎత్తులో ఉంటాయి, ఇబ్బంది పెట్టేవి ఈ చిన్న ఏర్లూ వాగులే. పొద్దున బయల్దేరేముందు ఆ రోజు దాటబోయే వాటి పేర్లు కొట్టి లోకల్ న్యూస్ చూడండి. హైవే మీద సాయం కావాలంటే 1033కి ఫోన్ చేయండి.

పోలీసులు బండ్లని నార్కట్‌పల్లి నుంచి నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, గుంటూరు మీదుగా పంపించారు. ఆ దారి గుర్తుపెట్టుకోండి, 2023 జులైలో ఐతవరం దగ్గర ఇలాగే అయినప్పుడు కూడా అదే దిక్కయింది. నేను మాత్రం అటు వెళ్ళలేదు, గుంటూరు చేరినా ముందు విజయవాడే మునిగి ఉంది కదా అని హైదరాబాద్ వెనక్కొచ్చేశాను. సంవత్సరికం తమ్ముడు పెట్టాడు. మా పెదనాన్న ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు, దెప్పనీ. ట్రైన్‌లో పోవాల్సింది అని కూడా అన్నాడు, ఆ ఆదివారమే కేసముద్రం–ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకరంతా కొట్టుకుపోయి కాజీపేట–విజయవాడ రైళ్ళు ఆగిపోయాయని ఆయనకి చెప్పేవాళ్ళెవరు.

ఇక డ్రైవింగ్ సంగతి. అరవై దాటొద్దు, క్రూజ్ కంట్రోల్ (కాలు పెట్టకుండానే బండి ఒకే స్పీడ్‌లో పోయే ఏర్పాటు) ఉంటే ఆపేయండి, లో బీమ్ వేసుకోండి. పార్కింగ్ లైట్లు నాలుగూ కొట్టుకుంటూ నడిపేవాళ్ళు మనదగ్గర చాలామంది, దానివల్ల మీరు ఆగున్నారో వెళ్తున్నారో వెనకవాడికి తెలియదు, ఇండికేటర్ కూడా పనిచేయదు, ఆగినప్పుడే వేయండి. అద్దం లోపల ఆవిరి పడితే ఏసీ ఆన్ చేసి గాలి అద్దం వైపు తిప్పి, బయటి గాలి లోపలికొచ్చే మోడ్‌లో పెట్టండి, గుడ్డతో తుడుస్తూ నడపకండి. ముందు బస్సు వెళ్తుంటే బాగా దూరంగా దాని టైర్ల జాడలో వెళ్ళండి, అక్కడ నీళ్ళు తక్కువుంటాయి. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైనట్టు అనిపిస్తే టైరు నీళ్ళ మీద తేలుతోందని అర్థం, యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ నేరుగా పట్టుకోండి, బ్రేక్ గట్టిగా తొక్కకండి.

రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే మాత్రం దిగొద్దు, ముందు ట్రాక్టర్ పోయింది కదా అని కూడా వద్దు. అడుగు లోతు పారే నీళ్ళు చాలు చిన్న కారుని పక్కకి నెట్టేయడానికి. నీళ్ళలో ఇంజన్ ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకండి, లోపలికి నీళ్ళు పోయి ఇంజన్ మొత్తం పోతుంది, అది మామూలు ఇన్సూరెన్స్‌లో సాధారణంగా రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ విడిగా తీసుకుని ఉండాలి. ట్యాంక్ సగం కిందకి రానివ్వకండి, చేతిలో క్యాష్ ఉంచుకోండి, కరెంటు, సిగ్నల్ పోతే బంకుల్లో ఫోన్‌పే, గూగుల్‌పే ఏవీ నడవవు. ఇంట్లో ఒకళ్ళకి మీరు ఆగే ఊళ్ళు ముందే చెప్పి పెట్టండి, చేరగానే మెసేజ్ పెట్టండి, నడుపుతూ ఫోన్ మాట్లాడే పని తప్పుతుంది.

చివర్లో ఫ్రెండ్ ఎస్‌యూవీ ఇస్తానన్నాడు తీసుకోనా అని అడిగారు. నేనైతే తీసుకోను. మీ బండి బ్రేక్ తడిలో ఎంత దూరంలో ఆగుతుందో మీ కాలికి తెలుసు, ఆ బండిది తెలీదు, పైగా ఎత్తు బండిలో కూర్చుంటే నీళ్ళు చూసి ఏం కాదులే అనిపిస్తుంది. మీ కారుకే వైపర్ బ్లేడ్లు కొత్తవి వేయించండి, టైర్ల గాడులు అరిగిపోయాయేమో, స్టెప్నీలో గాలి ఉందో లేదో చూపించుకోండి, పెళ్ళి ఆదివారమైతే శుక్రవారం పొద్దున్నే బయల్దేరండి.